కునిహికో తాత ఫస్ట్ బేస్‌కి మారిన మూడు రోజులు

జపాన్‌లోని యవతహమ రేవులో కునిహికో తాత ఇంటికి దారి అడిగేవాళ్ళు ఆయన పేరు చెప్పక్కర్లేదు. "షార్ట్‌స్టాప్ ఇల్లెక్కడ?" అంటే చాలు, చేపల మార్కెట్టులో మంచుగడ్డలు పగలగొట్టే ఆవిడ కూడా తలెత్తకుండా కొండ మీది నారింజ తోటల వైపు చెయ్యి చూపిస్తుంది. తాతకి అరవై తొమ్మిదేళ్ళు. పళ్ళు కొన్ని ఆయనవి, కొన్ని డాక్టరువి. మోకాళ్ళు రెండూ ఆయనవే, అందుకే నొప్పి. కానీ బుధవారం పొద్దున ఎర్రటోపీ పెట్టుకుని మైదానంలోకి దిగితే ఇవేవీ గుర్తుండవు, ఎవరైనా గుర్తుచేస్తే ఊరుకోడు కూడా.

ఎర్రటోపీలు అనేది షష్టిపూర్తి అయినవాళ్ళు మాత్రమే ఆడే బేస్‌బాల్ జట్టు. అరవై నిండిననాడు ఇంట్లోవాళ్ళు ఎర్రటోపీ, ఎర్ర చొక్కా తొడిగి మళ్ళీ పుట్టినట్టే అని ఫొటో తీస్తారు కదా, ఆ టోపీతోనే జట్టులోకి రావాలి. తొమ్మిదేళ్ళ కిందట కునిహికో తాత అలాగే వచ్చాడు. వచ్చిన రోజే షార్ట్‌స్టాప్ చోటు పట్టాడు. సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య నిలబడి, తనవైపు దొర్లుకొచ్చే బంతిని అందుకుని, కొట్టినవాడు పరిగెత్తి ఫస్ట్ బేస్ చేరేలోపు మైదానానికి అడ్డంగా అంత దూరమూ విసిరేవాడు షార్ట్‌స్టాప్. అందరికన్నా చురుకైనవాడికి ఇచ్చే చోటు. ఆ విసిరిన బంతిని అవతల ఫస్ట్ బేస్ మీద ఒక కాలు ఆనించి పట్టేవాడు తొకుజీ. ఇద్దరూ ఒకే బళ్ళో చదివి, ఒకే మాస్టారి చేత దెబ్బలు తిన్నవాళ్ళు.

తాత పద్దెనిమిదో ఏట ఒసాకాలో ఒక కంపెనీ జట్టు పిలిస్తే వెళ్ళాడు. రెండేళ్ళకే తిరిగొచ్చి నారింజలు పెంచడం మొదలుపెట్టాడు. ఎందుకొచ్చావని ఎవరడిగినా "అక్కడి నీళ్ళు పడలేదు" అంటాడు. రెండేళ్ళూ బెంచీ మీదే కూర్చోబెట్టారని ఆయన భార్య సుమికో అవ్వకి తెలుసు, అవ్వకి తెలిసినది ఊరందరికీ తెలుసు. అయినా ఆయన ముందు అందరూ ఒసాకా నీళ్ళనే తిడతారు. అరవై దాటాక జట్టుతో రెండుసార్లు దేశస్థాయి పోటీలకి వెళ్ళొచ్చాడు. ఒకసారి జిల్లా పేపర్లో ఆయన బొమ్మ పడింది. దాన్ని అద్దం కట్టించి పెద్దల ఫొటోలున్న గూడులో, వాళ్ళ నాన్న ఫొటో కన్నా జానెడు పైన పెట్టాడు. అవ్వ దాన్ని తీసి బియ్యం డబ్బా పైన పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మార్చి నెల, సోమవారం. తాత తోటలో నిచ్చెన మీద నిలబడి కొమ్మలు కత్తిరిస్తున్నాడు. కింద నుంచి నినొమియ మాస్టారు ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. మాస్టారు ముప్పై ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు జట్టుకి మేనేజరు. చేతిలో ఎప్పుడూ ఒక నల్ల నోటుపుస్తకం. అందులో ఎవరు ఎన్ని కొట్టారు, ఎన్ని వదిలారు, ఎవరి కాలు ఏ వానకి నొప్పి పుట్టింది, అన్నీ గళ్ళు గీసి రాసి ఉంటాయి.

"ఒచి గారూ, ఒక్కసారి దిగుతారా?" అన్నాడు, తాతని ఇంటిపేరుతో పిలుస్తూ.

"నిచ్చెన మీదున్నా వినబడుతుంది మాస్టారూ, చెప్పండి."

"దిగితే మంచిది."

దిగమంటున్నాడంటే మంచి కబురు కాదని తాతకి అర్థమైంది. దిగలేదు. మాస్టారు పుస్తకం తెరిచి నిచ్చెనతో చెప్పినట్టు చెప్పాడు.

"పోయినేడాది మీరు తప్పుగా విసిరినవి నాలుగే. జట్టులో అందరికన్నా తక్కువ. అందులో మాటే లేదు. కానీ మీరు బంతి బాగానే అందుకుని విసిరినా, అది చేరేలోపు అవతలివాడు ఫస్ట్ బేస్ దాటేసినవి పంతొమ్మిది. అంతకు ముందేడు ఎనిమిది."

"వాళ్ళు కుర్రాళ్ళండీ. అరవై ఒకటీ, అరవై రెండూ. పరిగెత్తరా మరి?"

"ఈ నెల హిరోఫుమికి అరవై నిండుతాయి. పోస్టాఫీసు జట్టులో ఇరవై ఏళ్ళు షార్ట్‌స్టాప్ ఆడాడు. వాణ్ణి మీ చోట పెడదామనుకుంటున్నాను."

కత్తెర ఆగింది. కొమ్మ ఒకటి సగం తెగి వేలాడుతోంది.

"అయితే నేను బెంచీ మీదా?" అన్నాడు తాత.

"ఎంతమాట! మీ బ్యాటు లేకపోతే మనకి పరుగులే లేవు. మీరు ఫస్ట్ బేస్‌కి వెళ్తారు. అక్కడి నుంచి దూరం విసరాల్సిన పని ఉండదు. నాలుగో నంబరులో, గట్టిగా కొట్టేవాళ్ళ చోట, బ్యాటు పడతారు, ఎప్పటిలాగే."

నిజం చెప్పాలంటే తాతకి ఆ క్షణంలో ప్రాణం లేచొచ్చింది. బెంచీ తప్పింది, బ్యాటు మిగిలింది. ఆ సంతోషంలో, ఫస్ట్ బేస్ మీద ఇప్పటికే ఒక మనిషి ఉన్నాడన్న సంగతి నిచ్చెన దిగి నేల మీద కాలు పెట్టాక గానీ గుర్తుకు రాలేదు.

"మరి తొకుజీ?"

మాస్టారు పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. "తొకుజీ గారు ఎడమచేతివాటం."

ఆ ఒక్క మాటతో ఇద్దరికీ అంతా తెలిసిపోయింది. ఎడమచేత్తో విసిరేవాణ్ణి సెకండ్‌లో గానీ, థర్డ్‌లో గానీ, షార్ట్‌స్టాప్‌లో గానీ నిలబెట్టరు. బంతి అందుకున్నాక ఒళ్ళంతా వెనక్కి తిప్పితే తప్ప ఫస్ట్ బేస్ వైపు విసరలేడు. వాడికి ఉన్నవి మూడే దారులు. బంతి వేయాలి, లేదా దూరాన గడ్డిలో పరిగెత్తాలి, లేదా ఫస్ట్ బేస్. బంతి వేయడం తొకుజీకి రాదు. నలభై ఏళ్ళు నూనె బాండీ ముందు నిలబడిన కాళ్ళతో పరిగెత్తలేడు. కేవలం బ్యాటు పట్టడానికి ఒకణ్ణి పెట్టుకునే పద్ధతి వాళ్ళ పోటీలు నడిపే సంఘంలో లేదు.

"పేరు మాత్రం కాగితంలో ఉంటుంది," అన్నాడు మాస్టారు. "బెంచీ మీద కూర్చుని స్కోరు రాస్తారు. ఎవరు ఎక్కడ ఆడతారో రాసిన కాగితం బుధవారం సాయంత్రం ఐదింటికల్లా సంఘం ఆఫీసులో ఇవ్వాలి. ఒచి గారూ, మీరు సరేనంటే..."

"సరే," అన్నాడు తాత, కొంచెం తొందరగానే.

ఆ రోజు సాయంత్రం అన్నం తింటూ సుమికో అవ్వకి చెప్పాడు. అవ్వ ఊరగాయ ముక్క కొరుకుతూ వింది. "మంచిదేగా. మొన్న ఈగని కొట్టబోయి దీపం పగలగొట్టారు. ఆ చేత్తో దూరాలు విసరకపోవడమే దేశానికి క్షేమం," అంది. తరవాత, "తొకుజీ ఏమన్నాడు?" అంది.

"మాస్టారు చెప్పే ఉంటారు."

ఇక్కడే కొంప మునిగింది. మాస్టారేమో, చిన్నప్పటి స్నేహితుడు కదా, కునిహికో చెప్తే మెత్తగా ఉంటుందని ఊరుకున్నాడు. తాతేమో, మేనేజరు కదా, ముందు ఆయన చెప్పడమే మర్యాద అనుకున్నాడు. ఎదుటివాడి మొహం చిన్నబోయే మాట చెప్పాల్సివస్తే ఆ ఊళ్ళో అందరూ అంతే. ఒకరి మర్యాద ఇంకొకరికి వదిలేసి, పని జరిగిపోయిందనుకుంటారు.

మంగళవారం పొద్దున తాత ఒక సంచి నిండా నారింజలు వేసుకుని తొకుజీ కొట్టుకి వెళ్ళాడు. తొకుజీ చేప వడలు వేస్తాడు. ముళ్ళతో సహా రుబ్బిన చిన్న చేపల పిండిని చెక్క అచ్చులో వత్తి, నూనెలో జారవిడిచి, బూడిద రంగు ఎర్రబడగానే తీస్తాడు. అన్నీ ఎడమచేత్తోనే. కొట్టు వెనక గోడకి మేకు కొట్టి ఫస్ట్ బేస్ మిట్టు వేలాడదీసి ఉంటుంది. మామూలు గ్లవ్ కన్నా పొడుగ్గా, జల్లెడంత వెడల్పుగా ఉంటుంది అది. బుధవారం తప్ప మిగతా ఆరు రోజులూ నూనె పొగ తగిలి నల్లబడింది. భార్య పోయిన అయిదేళ్ళ నుంచీ తొకుజీ కొట్టు మూసేది వారానికి ఆ ఒక్క పూటే.

"ఏరా తొకూ, నీ మిట్టు ఒకసారి ఇటివ్వు."

"ఎందుకురా? నారింజలు మోయడానికా?"

"ఇవ్వరా అంటే!"

తొకుజీ చెయ్యి తుడుచుకుని మిట్టు తీసి ఇచ్చాడు. తాత దాన్ని ఎడమచేతికి తొడగబోయాడు. బొటనవేలి సంచి చిటికెనవేలి వైపు వచ్చింది. తిప్పాడు. అరచెయ్యి వెనక్కి పోయింది. అప్పుడు తెలిసింది ఆయనకి. ఎడమచేత్తో విసిరేవాడు మిట్టుని కుడిచేతికి వేసుకుంటాడు. తొమ్మిదేళ్ళు ఆ మిట్టులోకే బంతులు విసిరిన మనిషికి అది ఏ చేతి మిట్టో గుర్తులేదు.

తొకుజీ పడీపడీ నవ్వాడు. "ఒరేయ్ కునీ, ముందు ఎడమేదో కుడేదో నేర్చుకో. మీ ఆవిణ్ణి అడుగు, అన్నం ఏ చేత్తో తింటావో చూపిస్తుంది." తాతా నవ్వాడు. వడల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే తొకుజీ నవ్వు ఆగిపోయింది.

"అయినా ఫస్ట్ బేస్ మిట్టు నీకెందుకురా?"

తాత మిట్టుని చేతిలోనే అటూ ఇటూ తిప్పాడు. నూనెలో వడలు చిటపటమంటున్నాయి.

"మాస్టారు నీకు..." అన్నాడు తాత.

"నాకేమీ చెప్పలేదే." తొకుజీ కాసేపు తాత చేతిలోని మిట్టు చూశాడు. "ఓహో," అన్నాడు. "హిరోఫుమికి అరవై వచ్చాయి కదూ. సరే సరే." వెనక్కి తిరిగి బాండీలో గరిట పెట్టాడు. అప్పటికే వడలు రెండు మాడాయి. వాటిని తీసి పక్కన పారేశాడు. "స్కోరు రాసుకుంటాలే. ఎడమచేత్తో రాస్తే రాత బాగుంటుందంటారు."

తాత వెళ్ళబోతుంటే ఎప్పటిలాగే ఆరు వడలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎప్పుడూ అనే "మీ ఆవిడకి, నీకు కాదు" అన్న మాట మాత్రం అనలేదు. తాత ఇంటికెళ్ళే దారిలో వడలు అన్నీ తానే తినేశాడు. ఒక్కటీ రుచి తెలియలేదని తరవాత అవ్వతో అన్నాడు. మరి ఆరూ ఎందుకు తిన్నారని అవ్వ అడిగింది.

బుధవారం పొద్దున సముద్రం పక్క మైదానంలో జట్టంతా చేరారు. ముందు హిరోఫుమి చేత ఎర్ర చొక్కా, ఎర్ర టోపీతో నాలుగు బేస్‌లూ చుట్టించారు. పుట్టిన పిల్లాడు నడక నేర్చాడని అందరూ చప్పట్లు కొట్టారు. హిరోఫుమి తాత దగ్గరికొచ్చి నడుం వంచాడు.

"ఒచి గారూ, మీ చోట నేను... నిద్ర పట్టలేదండీ."

"తీసుకోవయ్యా. పాత చెప్పులే. కాకపోతే కాలు కొంచెం పెద్దదుండాలి."

మాస్టారు పాత బడి సామాన్ల గదిలోంచి కుడిచేతివాటం వాళ్ళ మిట్టు ఒకటి తెచ్చిచ్చాడు. తాత ఫస్ట్ బేస్ మీద కాలు ఆనించి నిలబడ్డాడు. తొకుజీ బెంచీ మీద స్కోరు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలు చెవిలో దోపుకుని కూర్చున్నాడు.

మాస్టారు బంతులు కొట్టడం మొదలుపెట్టాడు. మొదటిది హిరోఫుమికి. వాడు అందుకుని విసిరితే గీత గీసినట్టు వచ్చి తాత మిట్టులో పడింది. తాత "హా!" అన్నాడు, తానే విసిరినంత గొప్పగా. ఇంతేనా ఫస్ట్ బేస్ అనుకున్నాడు. రెండోది థర్డ్ బేస్‌లోని మునెచికకి. మునెచికకి డెబ్బై ఒకటి. ఆయన విసిరిన బంతి బేస్‌కి మూడడుగుల ముందు నేల తాకి, పైకి లేస్తుందో పక్కకి పోతుందో తెలియకుండా వచ్చి తాత ముంగాలి ఎముకకి తగిలింది. మూడోది కూడా నేల తాకింది. తాత మిట్టు కిందికి దించేలోపు కాళ్ళ మధ్యనుంచి పోయింది. నాలుగోది సెకండ్ బేస్ నుంచి వచ్చి గడ్డం పక్కనుంచి పోయింది. ఇంకో అయిదు వేయించాడు మాస్టారు. తాత పట్టింది ఒక్కటి. అదీ పట్టలేదు, మిట్టుకీ కడుపుకీ మధ్య ఇరుక్కుంది.

"ఏంటి కునిహికో!" మునెచిక థర్డ్ బేస్ నుంచి అరిచాడు. "మేమంతా ఎప్పుడూ ఇలాగే విసురుతాం. తొకుజీ ఎన్నడూ వదల్లేదే!"

తాత కాలు రుద్దుకుంటూ నేల మీద బంతులు తాకిన గుర్తులు చూశాడు. మట్టిలో చిన్న చిన్న గుంటలు. అన్నీ బేస్‌కి రెండడుగులు, మూడడుగుల ముందే. కాసేపటికి నీళ్ళు తాగడానికి ఆపారు. తాత కుంటుతూ వెళ్ళి బెంచీ మీద తొకుజీ పక్కన కూర్చున్నాడు.

"తొకూ. పోయినేడాది నేను విసిరినవి ఎన్ని నేల తాకాయి?"

"నేను లెక్కపెట్టలేదు."

"అబద్ధం."

తొకుజీ పెన్సిలు తీసి ములికి చూశాడు. "సగం పైన. పోయినేడాదే కాదు. మూడేళ్ళ నుంచి."

"మరి చెప్పలేదేంరా?"

"ఎలా చెప్పను? విసిరిన ప్రతిసారీ ఏదో కోట కూల్చినట్టు టోపీ సర్దుకునేవాడివి. సరే, కూలిన కోటని నేను ఏరుకునేవాణ్ణి."

తాతకి నవ్వొచ్చింది, సిగ్గూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఆయన మొహం పుల్లటి నారింజ తిన్నట్టు ఉంటుంది. అప్పుడూ అలాగే ఉంది.

సాధన అయ్యాక అందరూ ఇళ్ళకి పోయారు. తాత మధ్యాహ్నం అన్నం తిన్నాక స్నానం చేసి, మంచి చొక్కా వేసుకుని మాస్టారి ఇంటికి వెళ్ళాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఊరుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. నెలరోజులు దెబ్బలు తింటే తనకీ కొంత పట్టడం వస్తుంది. నాలుగో నంబరు బ్యాటు తనదే. మాట్లాడితే మాత్రం తన నోటితో తన షార్ట్‌స్టాప్ పరువంతా బల్ల మీద పెట్టాలి. ఒసాకా నుంచి వచ్చాక యాభై ఏళ్ళు బయట ఎవరి ముందూ ఒప్పుకోని రకం మాట అది. మాస్టారింటి గేటు దాకా వెళ్ళి ఒకసారి ముందుకి దాటిపోయాడు కూడా. చేపల వల ఎండేసిన చోట నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

మాస్టారు బల్ల మీద సంఘం కాగితం పెట్టుకుని, పేర్లు స్కేలు పెట్టినట్టు రాస్తున్నాడు. గడియారం మూడున్నర.

"మాస్టారూ, మీ పుస్తకంలో నా తప్పులు నాలుగని ఉంది కదూ?"

"అవును, నాలుగే."

"అది తప్పు. నేను విసిరినవి సగం నేల తాకాయి. తొకుజీ ఏరుకున్నాడు. ఏరుకున్నవి మీ పుస్తకంలో ఎక్కడ రాస్తారు?"

మాస్టారు నల్ల పుస్తకం తెరిచాడు. చాలా సేపు గళ్ళు చూశాడు. "వాటికి గడి లేదు," అన్నాడు చివరికి. ముప్పై ఆరేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి మొదటిసారి తన లెక్కలో తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి కాస్త నెమ్మదిగా అన్నాడు.

"నావే కాదు. మునెచికవీ, అందరివీ. అరవై దాటిన చేతులు ఎంత దూరం విసురుతాయండీ? హిరోఫుమి ఒక్కడే వస్తే జట్టు బాగుపడదు. మీరు తొకుజీని బెంచీ మీద పెడితే పొద్దున చూశారుగా, నా కాళ్ళ మధ్యనుంచి పరుగులు పోతాయి. ఫస్ట్ బేస్ వాడిదే ఉంచండి."

"మరి మీరు? షార్ట్‌స్టాప్ హిరోఫుమికి రాసేశాను. అది మాత్రం మార్చను, ఒచి గారూ. ఆ పంతొమ్మిది నిజమే."

"మార్చమనలేదు." తాత కాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు. "సెకండ్ బేస్ నుంచి విసిరే దూరం తక్కువ."

"సెకండ్ బేస్‌కి ఇప్పటికే ముగ్గురున్నారు. మీరు నాలుగో మనిషి అవుతారు. ప్రతి ఆటలోనూ దిగుతారని చెప్పలేను, నాలుగో నంబరు బ్యాటూ పోతుంది."

"తెలుసు."

"మరి స్కోరు ఎవరు రాస్తారు?"

"నేను రాస్తా."

"మీ రాత మీకే తెలియదు కదండీ!" అన్నాడు మాస్టారు. కానీ రబ్బరు తీసుకుని చెరపడం మొదలుపెట్టాడు. ఫస్ట్ బేస్ గడిలో కవానో తొకుజీ. బెంచీ వరసలో, అన్నిటికన్నా కింద, ఒచి కునిహికో. నాలుగు నలభైకి ఇద్దరూ కలిసి వెళ్ళి కాగితం ఇచ్చి వచ్చారు.

తాత అక్కడి నుంచి కొట్టుకి వెళ్ళి సంగతి చెప్పాడు. తొకుజీకి కోపం వచ్చింది. గరిట ఊపుతూ అరిచాడు.

"నీ జాలి ఎవడడిగాడురా? పెళ్ళాం పోయినవాడని పప్పుబెల్లాలు పంచుతున్నావా?"

"జాలి కాదురా గాడిదా. నీకు పట్టడం వచ్చు. నాకు రాదు."

తొకుజీ గరిట దించాడు. ఆలోచించాడు. "అది నిజమే," అన్నాడు. ఇంకాస్త ఆలోచించి, "సెకండ్ బేస్‌లో కాళ్ళు ఎలా తిప్పాలో తెలుసా నీకు?" అన్నాడు.

"తెలీదు."

"శనివారం పొద్దున్నే రా. నూనె పెట్టకముందు. ఆలస్యం చేస్తే చూడు."

ఆ నెలంతా చేపల మార్కెట్టు వెనక సందులో తాత సెకండ్ బేస్ నేర్చుకున్నాడు. సున్నంతో గీసిన గడి మీద కాళ్ళు ఎటు పెట్టాలో తొకుజీ పిల్లాడికి చెప్పినట్టు చెప్పేవాడు. తాత పిల్లాడిలాగే ఎదురు మాట్లాడేవాడు. మంచుగడ్డల ఆవిడ పని ఆపి చూసేది. ఒకసారి తాత తన కాలు తానే తొక్కుకుని పడ్డాడు. ఆ కబురు తాత కన్నా ముందు ఇల్లు చేరింది.

ఏప్రిల్ మొదటి బుధవారం మొదటి ఆట. తాత బెంచీ మీద స్కోరు రాస్తూ కూర్చున్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో హిరోఫుమికి కంగారు పుట్టి విసిరిన బంతి నేల తాకి గడ్డివైపు తుళ్ళింది. తొకుజీ ఒక కాలు బేస్ మీద ఉంచి, ఇంకో కాలు పూర్తిగా చాచి, నేలకి అంటుకుపోయి దాన్ని మిట్టులోకి తోడుకున్నాడు, పరిగెత్తేవాడు అవుట్. చూసేవాళ్ళంతా కొత్త షార్ట్‌స్టాప్‌కి చప్పట్లు కొట్టారు. తాత ఒక్కడే లేచి నిలబడి "తొకూ!" అని అరిచాడు.

"కూర్చోరా!" అన్నాడు తొకుజీ, ప్యాంటు దులుపుకుంటూ. "స్కోరు రాయి!"

ఏడో ఇన్నింగ్స్‌లో, ఆటకి అదే ఆఖరిది, మూడు పరుగుల ముందంజలో ఉండగా మాస్టారు తాత వైపు తిరిగి "ఒచి గారూ, సెకండ్ బేస్," అన్నాడు. తాత స్కోరు పుస్తకం మాస్టారి చేతిలో పెట్టి పరిగెత్తాడు. నడిచే పరుగే గానీ పరుగే. సెకండ్ బేస్ పక్కన మోకాళ్ళు వంచి, తొకుజీ చెప్పినట్టే కాళ్ళు పెట్టి నిలబడ్డాడు. ముగ్గురు బ్యాటర్లు వచ్చారు. ముగ్గురూ పైకి లేపి అవుటయ్యారు, ఆట ముగిసింది. బంతి ఒక్కటీ ఆయన వైపు రాలేదు.

ఆ సంగతి ఇంటికొచ్చి సుమికో అవ్వకి గంటసేపు వివరించాడు.